కారవాన్ కాపురం

మగ్రీటా జూలీస్ పెళ్లి అప్పింగ్టన్ ఊరి చివర, పాత కారవాన్లు బాగుచేసే రేకుల షెడ్డులో జరిగింది. పాస్టర్ లేడు, పాటలు లేవు. ఉంగరాలు మాత్రం ఉన్నాయి. వాటిని గూఢచారి శాఖ చీఫ్ రామబులానా కోటు జేబులోంచి తీసి, నట్లూ బోల్టులూ పోసి ఉన్న బల్ల మీద పెట్టాడు.

"వేసుకోండి. ఇవాళ్టి నుంచి మీరు మిస్టర్ అండ్ మిసెస్ ఫిలాండర్. కేప్‌టౌన్‌లో టైల్స్ వ్యాపారం. పాతికేళ్ల కాపురం. పిల్లలు ఎగిరిపోయారు, మీరిద్దరూ కారవాన్ కట్టుకుని హాలిడేకి బయల్దేరారు. పేర్లు మీవే, ఇంటిపేరొక్కటే మారింది. ఈ వయసులో కొత్త పేరుతో పిలిస్తే ఎవరూ వెంటనే పలకరు."

ఆ "ఈ వయసులో" ఎవరికి తగలాలో వాళ్లకే తగిలింది. మగ్రీటాకి యాభై దగ్గర పడుతోంది. ఎదురుగా నిలబడి ఉంగరం ఎక్కించుకుంటున్న మనిషిదీ అదే వయసు గానీ, అతన్ని చూస్తే ఆ సంగతి ఎవరికీ తట్టదు. రూబెన్ ఆరెండ్స్. కేప్‌టౌన్ డెస్క్ నుంచి వచ్చాడు. పొడుగు మనిషి, అక్కడక్కడా నెరిసిన గడ్డం, సినిమా పోస్టర్ మీంచి దిగొచ్చినట్టుండే నవ్వు. ఆ నవ్వుతో అతను రెండు రాయబార కార్యాలయాల తలుపులు తెరిపించాడని డిపార్ట్‌మెంట్‌లో చెప్పుకుంటారు.

చీఫ్ ఒక ఫొటో బల్ల మీదకి తోశాడు. బట్టతల, గుబురు కనుబొమలు, ఊలు టోపీ పెట్టుకున్న ముసలాయన.

"డాక్టర్ గిడియన్ ఓబర్‌హోల్జర్. మన సైన్యం రేడియోల్లో వాడే రహస్య సంకేతాలకి తాళంచెవి తయారుచేసిన మనిషి. ఆ తాళంచెవి కాగితం మీద లేదు, కంప్యూటర్‌లో లేదు. ఆయన తలకాయలో ఉంది. రిటైరయ్యాడు, భార్య పోయింది. ఏటా జూలైలో ఒక్కడే కారవాన్ వేసుకుని కలహారీ పార్కులోకి వెళ్తాడు."

"గార్డులని పెట్టలేదా?" మగ్రీటా అడిగింది.

"పెట్టాం. కాఫీ పోసి మర్యాదగా వెనక్కి పంపించేశాడు. ఈసారి ఆయన్ని ఎత్తుకుపోవడానికి ఒక విదేశీ ముఠా మనిషిని దించింది. మొహం తెలీదు. ముఠాలో వాణ్ని 'కాపరి' అంటారు. పార్కు ఆ చివర మాటా-మాటా గేటు దాటితే నమీబియా. అక్కడ ఏదో ఫారంలో చిన్న విమానం సిద్ధంగా ఉంటుంది. అయితే పార్కు రూలొకటి మనకి కలిసొచ్చింది. ఒక గేటులోంచి లోపలికొచ్చి, ఇంకో గేటులోంచి దేశం దాటాలంటే మధ్యలో రెండు రాత్రులు పార్కులో గడపాల్సిందే."

రూబెన్ నవ్వాడు. "అంటే కిడ్నాపర్ కూడా లీవు పెట్టుకుని రావాలన్నమాట."

"నవ్వకు. వాడికిచ్చిన ఆర్డరు ఏంటో తెలుసా? ప్రాణాలతో తీసుకురా, కుదరకపోతే అక్కడే చంపెయ్. తమకి దక్కని తల ఇంకెవరికీ దక్కకూడదట. అందుకని అనుమానం రాగానే మీదపడొద్దు. రుజువుతో పట్టుకోండి. ఇంకో మాట. మన ఆఫీసులోంచి సంగతులు బయటికి పోతున్నాయి. ఈ పని గురించి తెలిసింది మన ముగ్గురికే."

గాడ్జెట్లు ఎక్కువేం లేవు. గ్యాస్ సిలిండర్ అడుగున దొంగ అర, అందులో రేడియో. పక్షుల్ని చూసే బైనాక్యులర్స్‌లో కెమెరా. కోడ్ కూడా క్యాంపులో ఎవరైనా అనే మాటే. "సింహం కనిపించింది" అంటే అంతా క్షేమం. "నక్క చెప్పు ఎత్తుకెళ్లింది" అంటే కాపరి దొరికాడు, వెంటనే రండి.

కారవాన్ తగిలించుకుని బయల్దేరారు.

ఉత్తరానికి పోయే ఆ రోడ్డు మగ్రీటాకి కొత్త కాదు. ఆమె పుట్టిన ఇల్లు ఆస్కమ్‌లో ఆ రోడ్డు పక్కనే. చిన్నప్పుడు జూలై సెలవులొస్తే కంచె ఎక్కి కూర్చుని, పార్కుకి పోయే కారవాన్లని చూసేది. కిటికీలకి పూల కర్టెన్లు, పైన తాళ్లతో కట్టిన కుర్చీలు, వెనక సీట్లో జుట్టు రేగిన పిల్లలు. ఆమె చెయ్యి ఊపేది. కొందరు తిరిగి ఊపేవాళ్లు. తరవాత దుమ్ము. పార్కు గేటు ఎంతో దూరం లేకపోయినా వాళ్లింట్లోంచి ఎవరూ ఏనాడూ దాని లోపలికి వెళ్లలేదు. పెద్దయ్యాక ఉద్యోగం ఆమెను చాలా దేశాలు తిప్పింది, చాలా పేర్లు ఇచ్చింది. హాలిడే మాత్రం ఒక్కటీ ఇవ్వలేదు.

ఆస్కమ్ దాటుతుంటే కంచె మీద కూర్చున్న పిల్లల్ని చూసి రూబెన్ హారన్ కొట్టి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపాడు. మగ్రీటా తల అటు తిప్పేసుకుంది.

"ఏమైంది?"

"కంట్లో దుమ్ము."

పార్కు మొదటి క్యాంపులో ముసలాయన కారవాన్ పక్కనే వాళ్ల స్థలం. రూబెన్ ఒక్క ఊపులో కారవాన్‌ని రివర్స్‌లో తీసుకెళ్లి ముళ్లచెట్టు కింద పెట్టేసరికి చుట్టుపక్కల కుర్చీల్లో కూర్చున్న మగాళ్లు చప్పట్లు కొట్టారు. ఒకాయనైతే లేచొచ్చి చెయ్యి కలిపాడు. కారవాన్ ప్రపంచంలో అంతకు మించిన మర్యాద లేదు. మగ్రీటా కారవాన్ కింది జాకీలు దించి, గుడారం పందిరి కట్టి, కుర్చీలు వేసింది. రూబెన్ నిప్పు రాజేశాడు. దూరంనుంచి చూసేవాళ్లకి ఏళ్ల తరబడి ఇదే పని చేస్తున్న జంటలా కనిపించి ఉంటారు.

మర్నాడు పొద్దున్నే పందిరి బయట ఎవరో గట్టిగా దగ్గారు. ఊలు టోపీ ముసలాయన. ఒక కాలికి చెప్పు ఉంది, రెండో కాలికి మేజోడు మాత్రమే.

"క్షమించండి," అన్నాడు. "నక్క చెప్పు ఎత్తుకెళ్లింది."

మగ్రీటా చెయ్యి బల్ల మీది కత్తి దగ్గరికి వెళ్లింది. రూబెన్ చేతిలో చెంచా నేలమీద పడింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మీ వైపు గానీ పడేసిందేమో చూద్దామని వచ్చాను," అన్నాడాయన. "దెయ్యాన్ని చూసినట్టు అలా చూస్తారేంటి? నక్క, బాబూ. చెప్పులంటే పడిచస్తుంది."

ముందు నవ్వింది రూబెన్. తరవాత మగ్రీటా. ఇక ఆపుకోలేకపోయారు. మగ్రీటాకి కళ్లల్లో నీళ్లొచ్చాయి. తను ఆఖరుసారి ఇంకో మనిషితో కలిసి ఎప్పుడు ఇలా నవ్విందో ఆమెకు గుర్తు రాలేదు. చెప్పు కారవాన్ చక్రం వెనక దొరికింది, సగం నమిలి ఉంది.

అలా పరిచయమయ్యాడు ఊమ్ గిడియన్. అక్కడ పెద్దవాళ్లని బాబాయిలా అలాగే పిలుస్తారు. పొద్దున కాఫీకి వచ్చేవాడు, సాయంత్రం తన కట్టెలు తెచ్చి వాళ్ల నిప్పులో వేసేవాడు. ఎక్కువ మాట్లాడడు. రూబెన్ మాట్లాడతాడు. ఎవరికి ఏం కావాలో పసిగట్టడంలో అతనికి సాటిలేదు. ముసలాయనకి పంచదార ఎక్కువని రెండోసారి చెప్పించుకోలేదు. మగ్రీటాకి భుజం నొప్పని గమనించి నీళ్ల డబ్బాలు తనే మోసేవాడు.

కారవాన్‌లో రెండు బెర్తులు, మధ్యలో సన్నటి దారి. లైటు తీశాక అవతలి బెర్తు మీంచి అతని ఊపిరి వినిపించేది. ప్రిటోరియాలో మగ్రీటా ఫ్లాట్‌లో రాత్రిళ్లు వినిపించేది ఫ్రిజ్ మోత ఒక్కటే. ఆ తేడాకి అలవాటు పడకూడదని తనకి తనే చెప్పుకుంది.

"ఏమోయ్, కాఫీ!" అని రూబెన్ రోజూ పొద్దున చుట్టుపక్కల వాళ్లకి వినపడేలా అరిచేవాడు. అది వేషంలో భాగం. ఒకరోజు పొద్దున క్యాంపులో ఇంకా ఎవరూ లేవలేదు. తలుపు దగ్గర నిలబడి, కప్పు పట్టుకుని, మెల్లిగా అన్నాడు.

"ఏమోయ్, కాఫీ."

వినేవాళ్లెవరూ లేరు. మగ్రీటా కప్పు అందుకుంది. ఆరోజంతా అదే గుర్తొచ్చింది.

మూడు కార్లు, మూడు కారవాన్లు ఒకదాని వెనక ఒకటి ఆవోబ్ ఎండు నది వెంట మాటా-మాటాకి బయల్దేరాయి. ముందు ఊమ్ గిడియన్, మధ్యలో వీళ్లు, వెనక క్యాంపులో పరిచయమైన కోట్జే దంపతులు. టైర్లలో గాలి తగ్గించినా కారవాన్ గిన్నెలన్నీ గలగలలాడాయి. ఒక మలుపులో నల్లజూలు సింహం దారికి అడ్డంగా పడుకుని ఉంది. కదిలేదాకా ఆగారు. అది వీళ్ల వంక ఒక్కసారి కూడా చూడలేదు.

మధ్యలో కారు దిగనిచ్చే విడిది ఒకటుంది. రూబెన్ టైర్లు చూసుకుంటుంటే ఊమ్ గిడియన్ మగ్రీటా పక్కన సిమెంటు బెంచీ మీద కూర్చుని, ఎండు రొట్టె ముక్కని కాఫీలో ముంచాడు.

"మీరిద్దరూ భార్యాభర్తలు కాదు కదూ," అన్నాడు.

మగ్రీటా కప్పు కదలకుండా పట్టుకుంది. "ఎందుకలా అనిపించింది, ఊమ్ గిడియన్?"

"మాటిమాటికీ థాంక్స్ చెప్పుకుంటారు. ఉప్పు అందించినా థాంక్స్, కుర్చీ జరిపినా థాంక్స్. నాకూ నా హెస్టర్‌కీ నలభై ఏళ్ల కాపురం. ఒక్కసారైనా చెప్పుకున్నామో లేదో." రొట్టె కొరికి నమిలాడు. "మిమ్మల్ని రామబులానా పంపాడు. ఫరవాలేదులే. వెనకటి గార్డుల కంటే నువ్వు బాగా వండుతావ్."

"అక్కడికి తిరిగి వెళ్లి ఆయనకేం చెప్పమంటారు?"

"ఏం చెప్పకు." ఎండు నది వైపు చూశాడు. "ఓ సంగతి చెప్పనా అమ్మాయ్? హెస్టర్ గొంతు మర్చిపోయాను. ఎంత ప్రయత్నించినా వినపడదు. ఆ అంకెలు మాత్రం ఒక్కటీ మర్చిపోలేకపోతున్నాను. వాటి కోసం ఎవడో నన్ను ఎత్తుకుపోతాడట. ఇచ్చెయ్యగలిగితే ఎప్పుడో ఇచ్చేసేవాణ్ని, వాటికి బదులు ఆ గొంతు ఇస్తానంటే."

ఆయన కప్పులో మిగిలిన కాఫీ ఇసుకలో పోసి లేచాడు.

మాటా-మాటాలో వాళ్ల బుకింగ్ నాలుగు రాత్రులు. గేటు క్యాంపుని ఆనుకునే ఉంటుంది. పందిరి కింద కూర్చుంటే అడ్డకర్ర పైకి లేవడం, దిగడం కనిపిస్తుంది. మగ్రీటా ప్రతి కారవాన్‌నీ బైనాక్యులర్స్‌తో ఫొటో తీసింది. పక్షుల పిచ్చి ఉన్న డెంటిస్టు, ఇద్దరు జర్మన్ అక్కచెల్లెళ్లు, హనీమూన్ జంట. కాపరి లక్షణాలు ఎవరిలోనూ కనపడలేదు. రూబెన్ ప్రతి సాయంత్రం రేడియోలో "సింహం కనిపించింది" అని చెప్పాడు. రేడియో పని తనే చూసుకుంటానని మొదటిరోజే అన్నాడు, సిలిండర్ వంచే శ్రమ ఆమెకు లేకుండా.

రెండోరోజు మధ్యాహ్నం మగ్రీటా బట్టలు ఆరేస్తుంటే కోట్జే గారి భార్య తానీ ఎల్సబే వచ్చింది. ఊమ్ అంటే బాబాయైతే తానీ అంటే పిన్ని. లావుపాటి, ఎర్రబుగ్గల మనిషి. చేతిలో గిన్నె, గిన్నెలో సాసేజ్ చుట్టలు, గొర్రె ముక్కలు.

"నీ మొగుడు బంగారం, తల్లీ! ఇంతేసి మాంసం ఇచ్చేశాడు. మాకే కాదు, ఆ జర్మన్ పిల్లలకీ, డాక్టరుకీ, అందరికీ పంచుతున్నాడు. మా ఆయన ఫ్రెడీ అయితే ఎముక కూడా దాచుకుంటాడు."

"అతనంతే, తానీ," అని మగ్రీటా నవ్వింది.

"అయితే రేపే దాటుతున్నారన్నమాట. అయ్యో, ఇంకో రెండు రోజులుంటారనుకున్నానే."

మగ్రీటా చేతిలో బట్ట అలాగే ఉండిపోయింది. "దాటడమా?"

"మరి? గేటు అవతలికి పచ్చి మాంసం రానివ్వరుగా. పోయినేడు మా దగ్గర ఫ్రీజర్ నిండా ఉన్నదంతా లాగేసుకున్నారు. అందుకే దాటేవాళ్లందరూ ముందురోజు ఇలా పంచేస్తారు. ఇంకా ఉండేవాళ్లు ఇంత మాంసం ఎందుకిస్తారే పిచ్చిదానా!"

"అవునవును," అంది మగ్రీటా. "రేపే."

ఎల్సబే వెళ్లాక బట్టకి క్లిప్పు పెట్టింది. మిగతా బట్టలన్నీ వరసగా ఆరేసింది. తొందరపడకుండా ఉండడానికే కదా జీతం ఇచ్చేది.

కారవాన్‌లోకి వెళ్లి రూబెన్ బెర్తు మీది పరుపు ఎత్తింది. కింది పెట్టెలో నిన్నటిదాకా పందిరి కర్రలు, తాళ్లు ఉండేవి. ఇప్పుడు ఖాళీ. అడుగున మెత్తటి దుప్పటి పరిచి ఉంది. ఒక మనిషి కాళ్లు ముడుచుకుని పడుకునేంత జాగా. చెక్కకి వరసగా గాలి రంధ్రాలు. వాటి అంచున రంపపుపొడి ఇంకా తెల్లగా ఉంది. బయటికొచ్చి సిలిండర్ వంచి దొంగ అర తెరిచింది. రేడియో ఉంది. బ్యాటరీ లేదు.

ఈ పని గురించి తెలిసింది ముగ్గురికే.

మెట్టు మీద కూర్చుంది. దూరంగా రూబెన్ జర్మన్ అక్కచెల్లెళ్లతో ఏదో చెప్పి నవ్విస్తున్నాడు. ఇటు చూసి చెయ్యి ఊపాడు. ఆమె కూడా ఊపింది.

ఆ సాయంత్రం ముగ్గురూ నీటిగుంట పక్కన చెక్కలతో కట్టిన చాటుగదికి వెళ్లారు. జిరాఫీలు కాళ్లు విడదీసి నీళ్లు తాగుతున్నాయి. రూబెన్ బెంచీ ఆ చివర్న, బైనాక్యులర్స్‌తో. ఆ బైనాక్యులర్స్ జిరాఫీల మీద ఎంతసేపు ఉన్నాయో తమ మీదా అంతే ఉన్నాయని మగ్రీటా గమనించింది. అయినా అక్కడ అందరూ గుసగుసగానే మాట్లాడాలి. గోడ మీద రాసిపెట్టి ఉంది. గుసగుసకి అంతకన్నా మంచి చోటు లేదు.

"ఊమ్ గిడియన్, నీళ్లవైపే చూడండి. తల తిప్పొద్దు."

"తిప్పడానికి అటు అందమైనదేదీ లేదులే. చెప్పు."

చెప్పింది. ఆయన గుబురు కనుబొమలు ఒక్కసారి పైకి లేచి దిగాయి.

"మీ ఆయనేనా?"

"మా ఆయన కాదని మీరే అన్నారుగా."

"గేటు దగ్గర పోలీసులకి చెప్పెయ్యి."

"ఏమని? నా మొగుడు క్యాంపంతా మాంసం పంచాడు, పట్టుకోండి అనా? బెర్తు కింద కన్నాలుంటే ఎలుకల పని అంటాడు. అతని దగ్గర పిస్టల్ ఉంది. నేను గేటు వైపు ఒంటరిగా నాలుగడుగులు వేసినా ముందు మీ పని పడతాడు. మీరు ఆ పెట్టెలో ఉన్నప్పుడు పట్టుబడాలి. అతని చేతులు స్టీరింగ్ మీదా పాస్‌పోర్టుల మీదా ఉన్నప్పుడు."

"నిన్నెందుకు నమ్మాలి నేను? వాడూ మీవాడే, నువ్వూ మీదానివే."

మగ్రీటా ఆలోచించింది. "తెలీదు, ఊమ్ గిడియన్."

"హుమ్." పిల్ల జిరాఫీ ఒకటి తల్లి కాళ్ల మధ్య తడబడింది. ఆయన దాన్ని చూస్తూ అన్నాడు. "వాడైతే ఏదో ఒకటి చెప్పేవాడు. సరే. నన్నేం చెయ్యమంటావ్?"

"రేపు పొద్దున కాఫీకి పిలుస్తాడు. అందులో మత్తుమందు ఉంటుంది. తాగినట్టు నటించి..."

"నటనా! బళ్లో నాకు చెట్టు వేషం ఇస్తే అందులో కూడా కదిలాను. నా వల్ల కాదు. నిజంగానే తాగేస్తాను."

"ప్రమాదం ఊమ్."

"వాళ్లకి నా తలకాయ కావాలి. వాడు కొలత జాగ్రత్తగానే వేస్తాడు." మొదటిసారి ఆయన గొంతులో నవ్వు వినిపించింది. "హెస్టర్ పోయాక కంటినిండా నిద్రపోలేదు. రేపు హాయిగా పడుకుంటాను. నువ్వు మేలుకుని ఉంటావా?"

"ఉంటాను."

"అంతే కావాలి."

భోజనాల దగ్గర రూబెన్ మామూలుగానే ఉన్నాడు. ముసలాయన వెళ్లిపోయాక నిప్పుని కర్రతో కదుపుతూ, "ఈ హాలిడే ఇంకొన్నాళ్లుంటే బాగుండును," అన్నాడు.

"అవును," అంది మగ్రీటా. ఆ వారమంతా ఆమె చెప్పిన మాటల్లో నటన లేనిది అదొక్కటే.

తెల్లారేసరికి పందిరి మీద మంచు పేరుకుంది. బయట చలికి నిలబడలేక ఊమ్ గిడియన్ వాళ్ల కారవాన్‌లోకే వచ్చి కూర్చున్నాడు. రూబెన్ మూడు కప్పులు పెట్టాడు. మగ్రీటా తన కప్పు తీసుకుని, పళ్లు తోముకుని వస్తానని చెట్టు వెనక్కి వెళ్లి, కాఫీ ఇసుకలో పోసి, ఖాళీ కప్పు పట్టుకుని ఆవులిస్తూ వచ్చింది. ముసలాయన అప్పటికే తన కప్పు ఖాళీ చేసేశాడు. టోపీ కళ్లమీదకి జారింది. నిద్రలోకి జారిపోతూ ఆమె వైపు ఒక్క చూపు చూశాడు, బస్సులో సీటు ఆపమని చెప్పి దిగే మనిషిలా.

"నాకెందుకో తల తిరుగుతోంది, రూబెన్."

"ముందు సీట్లో పడుకో. నేను సర్దుతాను."

కళ్లు మూసుకుని సీట్లో ఒరిగి, వినడం మొదలుపెట్టింది. ఈడ్చిన చప్పుడు. పరుపు పడిన చప్పుడు. కొక్కెం తగిలించిన చప్పుడు. అవతల కోట్జే గారితో రూబెన్ మాటలు: "మా ఆవిడకి తలనొప్పి ఎక్కువైంది. అవతల ఊళ్లో డాక్టరుకి చూపిస్తాను." పార్కులోకి వచ్చేటప్పుడు ఇద్దరి పేర్లు రాయించారు. ఇద్దరూ దాటాలి. అందుకే ఆమె అతనికి కావాలి. అంతకన్నా వేరే కారణం లేదని మగ్రీటా తనకి చెప్పుకుంటూ ఉంది.

అతను వచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. పిస్టల్‌ని సీటు పక్క సందులో దోపిన చప్పుడు. తరవాత ఆమె మోకాళ్ల మీద దుప్పటి కప్పి, అంచులు లోపలికి దోపాడు. మెల్లిగా, ఒక పక్క, తరవాత రెండో పక్క. పెద్దయ్యాక ఆమెకు ఎవరూ దుప్పటి కప్పలేదు.

"నీ కప్పులో సగమే వేశాను," అన్నాడు, నిద్రపోతున్న మనిషితో మాట్లాడినట్టు. "తలనొప్పి రాకూడదని. నమ్ముతావో లేదో... నాకూ ఇల్లు లేదు, మగ్రీటా. ఈ కారవాన్ డబ్బాయే నాకూ మొదటి ఇల్లు."

ఆమె రెప్పలు కదలనివ్వలేదు. అది ఆమె జీవితంలో చేసిన అన్ని పనుల్లోకీ కష్టమైన పని.

గేటు దగ్గర పోలీసు పాస్‌పోర్టుల మీద ముద్రలు కొట్టాడు. అవతలి పక్క మాంసం తనిఖీ చేసే మిసెస్ గావసెస్ కిటికీ దగ్గరికి వచ్చింది. పొట్టి మనిషి, పచ్చ స్వెట్టరు, చేతిలో టార్చి.

"పచ్చి మాంసం ఉందా?"

"ఒక్క ముక్క లేదు మేడమ్. నిన్ననే క్యాంపంతా పంచేశాం. మీరు వస్తే మీకూ పెట్టేవాణ్ని." సినిమా పోస్టర్ నవ్వు.

మిసెస్ గావసెస్ కూడా నవ్వింది. టార్చి ఆర్పేసింది. చెయ్యి ఊపింది. అడ్డకర్ర లేవసాగింది. రూబెన్ గేరు వేశాడు.

"ఉంది మేడమ్," అంది మగ్రీటా.

కళ్లు తెరిచింది. ఎదురుగా తెరుచుకుంటున్న దారి, దారి చివర నమీబియా.

"పచ్చి మాంసం ఉంది. చాలా ఉంది. వెనక, ఎడమ బెర్తు కింది పెట్టెలో. నాకు అబద్ధమాడడం ఇష్టం లేదు."

అడ్డకర్ర సగంలో ఆగింది. మిసెస్ గావసెస్ నవ్వు ఎక్కడికో పోయింది.

"జ్వరం మేడమ్, కలవరిస్తోంది," అన్నాడు రూబెన్.

"జ్వరమొస్తే మాత్రం? ఫ్రీజర్‌లో ఏముందో ఆడవాళ్లు మర్చిపోరు. ఇంజన్ ఆపు. ఏయ్ కాన్‌స్టేబుల్, ఇలా రా! ఈ దొరగారి కారవాన్ తలుపు తియ్యి!"

రూబెన్ ఎడమచెయ్యి సీటు సందులోకి దిగబోయింది. అప్పటికే మగ్రీటా ఆ చెయ్యి పట్టుకుంది. వేళ్లలో వేళ్లు దూర్చి, రెండు చేతులతో, గట్టిగా. కిటికీలోంచి చూసిన పోలీసుకి అది భయపడిన భార్య భర్త చెయ్యి పట్టుకున్నట్టే కనిపించింది. పిస్టల్ మూడు వేళ్ల దూరంలో ఉంది. అతను లాగాడు. ఆమె వదల్లేదు. మళ్లీ లాగాడు. భుజం కలుక్కుమంది, అయినా వదల్లేదు.

రూబెన్ ఆమె మొహంలోకి చూశాడు. ఆమె కూడా చూసింది. అతని వేళ్లలో బిగువు మెల్లగా సడలింది.

వెనకనుంచి మిసెస్ గావసెస్ అరుపు వినిపించింది. "అమ్మో, దేవుడా! ఇక్కడ మనిషున్నాడు! గురక పెడుతున్నాడు!"

పోలీసుల తుపాకులు కిటికీలకి ఆనాయి.

"ఎప్పుడు తెలిసింది?" రూబెన్ తగ్గు గొంతుతో అడిగాడు.

"నువ్వు మాంసం పంచినప్పుడు. చెత్తడబ్బాలో పారేసి ఉంటే నేనిప్పుడు నిజంగానే నిద్రపోతూ ఉండేదాన్ని."

అతను నవ్వాడు. ఈసారి పోస్టర్ నవ్వు కాదు, అలసిపోయిన నవ్వు. "మంచి మాంసం. పారెయ్యబుద్ధి కాలేదు."

అతన్ని దింపడానికి ఆమె చేతిని పోలీసులే విడదీయాల్సి వచ్చింది.

మధ్యాహ్నానికి చీఫ్ హెలికాప్టర్‌లో దిగాడు. అవతలి పోలీసులు ఫారంలో విమానాన్ని, పైలట్‌ని, ఇద్దరు విదేశీయులని పట్టుకున్నారు. రూబెన్‌ని హెలికాప్టర్ ఎక్కిస్తుంటే క్యాంపంతా వచ్చి చూసింది. ఎల్సబే ముక్కు చీదుకుంటూ, "అంత మంచివాడు!" అని అందరితోనూ అంది.

ఊమ్ గిడియన్ పొద్దు వాలేదాకా పడుకుని, లేచి, రెండు గ్లాసుల నీళ్లు తాగాడు. మొహం తేటగా ఉంది. చాటుగదిలో మగ్రీటా పక్కన చీకటి పడేదాకా కూర్చున్నాడు. మర్నాడు పొద్దున్నే తన కారవాన్ తగిలించుకుని, ఒక్కడే, ఎండు నది వెంట వెళ్లిపోయాడు. దుమ్ము సద్దుమణిగేదాకా ఆమె చూస్తూ నిలబడింది.

చీఫ్ ఇంకా వెళ్లలేదు. పందిరి కింద రూబెన్ కుర్చీలో కూర్చోబోయి, ఆమె మొహం చూసి, కట్టెల పెట్టె మీద కూర్చున్నాడు.

"రేడియోలో కబురొచ్చింది. అతను రాత్రంతా మాట్లాడాడట. విమానం ఎక్కాక నిన్నేం చెయ్యాలనుకున్నాడో కూడా చెప్పాడట. తెలుసుకుంటావా?"

మగ్రీటా నిప్పుల మీద కాఫీ కెటిల్ వైపు చూసింది. వెంట తీసుకెళ్లాలనుకున్నాడా, ఇసుకలో పూడ్చాలనుకున్నాడా. రెండిట్లో ఏది విన్నా రాత్రిళ్లు నిద్ర పట్టదు.

"వద్దు."

"సరే." చీఫ్ గొంతు సర్దుకున్నాడు. "డర్బన్‌లో ఓ పని తగిలింది. సముద్రం ఒడ్డున పెద్ద హోటల్. నీకు కావలసినన్ని రోజులు రెస్టు తీసుకున్నాకే. ఈసారి కూడా కవర్ ఉండాలి. మంచి మనిషిని చూస్తాను, నాకు బాగా తెలిసినవాణ్ని..."

మగ్రీటా ఉంగరం తియ్యబోయింది. నిన్నటి పెనుగులాటలో వేలు వాచి, అది రాలేదు. ఇంకోసారి లాగి, వదిలేసింది.

"శ్రమపడకండి చీఫ్," అంది. "ఈసారి నన్ను విధవరాలిగా పంపండి. దానికి ట్రైనింగ్ అయిపోయింది."